జమాల్ సాబ్ అడిగిన ఇళ్లు

శింగనమల చుట్టుపక్కల ఏ ఇంట్లో పరుపు చిరిగిందో, ఏ ఇంట్లో దిండు గట్టిపడిందో జమాల్ సాబ్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నలభై తొమ్మిదేళ్ల మనిషి. దూదేకుల ఇంట్లో పుట్టి దూదిలోనే పెరిగాడు. వాళ్ల నాయన విల్లు భుజాన వేసుకుని ఊరూరూ నడిచి దూది ఏకేవాడు. ఇతను పాత లగేజీ ఆటోలో ఏకే మిషను బిగించుకుని తిరుగుతాడు. ఆటో మీద మైకులో "పాత పరుపులు కొత్తగా చేస్తాం, దిండ్లు చేస్తాం" అని ఒక ఆడపిల్ల గొంతు రోజంతా పిలుస్తూ ఉంటుంది. అది అతని కూతురు షమా గొంతే. ఫోనులో రికార్డు చేసి ఇచ్చింది.

పరుపు పని ఒక గంటలో తెమిలేది కాదు. పొద్దున ఎనిమిదికి ఆ ఇంటి కరెంటుకు వైరు తగిలించి, పాత పరుపు కుట్లు విప్పి, దూది ఏకి, ఎండబెట్టి, కొత్త గుడ్డలో నింపి, దబ్బనంతో కుట్టి ముగించేసరికి పొద్దు వాలుతుంది. అందాకా ఆ ఇంటి వాకిట్లోనే కూర్చోవాలి. అలా కూర్చున్న మనిషిని ఇంట్లోవాళ్లు కాసేపటికి మరిచిపోతారు. అత్తాకోడళ్లు పోట్లాడుకుంటారు, అన్నదమ్ములు భాగాల మాట ఎత్తుతారు, ఎవరూ లేనప్పుడు ముసలావిడ వచ్చి మనసులో బరువంతా దించిపోతుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ లెక్కన జమాల్ సాబ్ ముప్పై ఊళ్లకు లోకువ. ఇన్నేళ్లలో అతను ఒకరి మాట ఇంకొకరికి చేరవేసింది లేదు, తనంతట తాను ఎవరినీ ఏమీ అడిగింది లేదు.

అటువంటి మనిషి ఈ ఎండాకాలం నుంచి అడగడం మొదలుపెట్టాడు. దబ్బనంలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా, ఇంటివాళ్లను ఒకటే ప్రశ్న. మీ పిల్లను కాలేజీకి ఎందుకు పంపిస్తిరి? పంపకుంటే, ఎందుకు పంపలేదు? పని మానేసి అందరూ అతని మొహం చూసేవాళ్లు. మూగవాడనుకున్నవాడు పాట ఎత్తుకున్నట్టయింది వాళ్లకు.

సంగతేమిటంటే, ఏప్రిల్‌లో షమా ఇంటర్ పాసైంది. వాళ్ల వంశంలో అంత దూరం వచ్చిన మొదటి మనిషి ఆ పిల్లే. మార్కుల కాగితం తీసుకుని వచ్చి, నాయన దిండు కుడుతున్న చోట నిలబడింది.

"నాయనా, నేను డిగ్రీకి పోతా."

జమాల్ సాబ్ "ఊఁ" అన్నాడు.

ఈ "ఊఁ" గురించి కొంచెం చెప్పాలి. ఆయన "ఊఁ" అంటే సరే కావచ్చు, చూద్దాం కావచ్చు, విన్నాను కావచ్చు, కుదరదు కూడా కావచ్చు. ఇరవై నాలుగేళ్లు కాపురం చేసిన ఖాతూన్‌బీకే వాటిలో మూడు తెలుస్తాయి, నాలుగోది తెలియదు. ఇంట్లో ఎవరూ రెండోసారి అడగరు. కోపిష్టివాడని కాదు. అడిగితే ఇంకో "ఊఁ" వస్తుంది, అంతే.

అదే వారంలో పుట్టపర్తి నుంచి అతని అక్క మస్తాన్‌బీ వచ్చింది. తన మొగుడి తరఫు పిల్లవాడు షఫీవుల్లా ఒక లాడ్జిలో కౌంటర్ చూసుకుంటాడట, తాగడు, తిరగడు, షమాను ఫోటోలో చూసి ఇష్టపడ్డాడట. ఏమంటావు తమ్ముడూ అంది. తమ్ముడు ఆమెకు కూడా "ఊఁ" అనే అన్నాడు. కూతురి చేతిలో ఒక "ఊఁ", అక్క చేతిలో ఒక "ఊఁ". ఇద్దరూ ఎవరిది వాళ్లు దాచుకుని కూర్చున్నారు. మధ్యలో ఇతనికి మాత్రం ఏం చేయాలో పాలుపోలేదు. తను అయిదో తరగతిలో బడి మానేసినవాడు. కాలేజీ అంటే లోపల ఏం జరుగుతుందో, బయటికొచ్చేటప్పుడు మనిషి ఏమై వస్తాడో అతనికి తెలియదు. తెలియని దానికి అవునని ఎట్లా అంటాడు? కాదని మాత్రం ఎట్లా అంటాడు? అందుకని తెలిసినవాళ్లను అడుగుదామని బయలుదేరాడు. బుద్ధిమంతుడు చేసే పనే. కానీ బుద్ధిమంతుడికి ఇంత గందరగోళం ఎదురవుతుందని ఎవరనుకుంటారు?

మొదట అడిగింది పుల్లన్నను. చెనక్కాయ రైతు, నోరు మంచిది కాదు గానీ మనసు మంచిది. కొడుకు తిప్పేష్ బీకాం చేసి మూడేళ్లుగా ఇంటి దగ్గరే ఉన్నాడు.

"ఏం చెప్పల్ల సాబూ. చేన్లోకి రారా అంటే డిగ్రీ చేసినా కదా, ఎట్లొస్తా అంటాడు. డిగ్రీ ఎందుకు చేసినావురా అంటే చేన్లోకి వచ్చేది తప్పుతాదని చేసినా అంటాడు. ఇప్పుడు నేను యాడ తప్పు చేసినానో నువ్వే చెప్పు."

జమాల్ సాబ్ దారం ముడి వేశాడు. అయితే కాలేజీ వద్దన్నమాట అనుకుంటూ పరుపు కుట్టేసి వచ్చాడు. మరుసటి వారం అంగన్‌వాడీ టీచరు ఉమాదేవి ఇంట్లో పని పడింది. ఆమె కూతురు అశ్వినిది కూడా ఇంటరే అయింది, డిగ్రీకి పంపుతోంది. ఉద్యోగం వస్తుందనా అని అడిగాడు. ఆమె నవ్వి, ఉద్యోగం ఎవరికొస్తోందన్నా అంది. పిల్ల ఇంట్లో ఉంటే దారిన పోయేవాడు కూడా పెండ్లెప్పుడని అడుగుతాడు, కాలేజీలో ఉందంటే మూడేళ్లు ఎవడూ అడగడు, ఆ మూడేళ్లయినా పిల్ల నెమ్మదిగా ఊపిరి తీసుకుంటుందని ఆమె కారణం. జమాల్ సాబ్‌కు ఆ మాట బాగా నచ్చింది. అయితే పంపాల్సిందే అనుకున్నాడు.

ఆ నిర్ణయం నాలుగు రోజులు నిలిచింది. అయిదో రోజు ట్రాక్టర్ డ్రైవర్ యేసన్న ఇంట్లో దిండ్లు కుడుతుంటే అది కూడా కూలిపోయింది. యేసన్న ఇద్దరు కూతుళ్లూ మొదటి ఏడాదిలోనే మానేశారు. చదువు రాక కాదు, మనసు లేక కాదు. కాలేజీ నాలుగున్నరకు వదులుతుంది, వాళ్ల ఊరి బస్సు నాలుగింటికే పోతుంది. తర్వాతి బస్సు ఏడున్నరకు. ఆ మూడు గంటలు పిల్లలు ఎక్కడ కూర్చోవాలో తేల్చలేక చదువే మాన్పించాడు. మూడు గంటల కోసం మూడేళ్లు పోయాయి కదా అని జమాల్ సాబ్ లోపల్లోపల బాధపడ్డాడు. ఆ వెంటనే తన కూతురు ఆ మూడు గంటలు ఎక్కడ కూర్చుంటుందోనని భయపడ్డాడు.

రాప్తాడు దగ్గర హైవే మీద టైర్ల షాపులో తేజ అనే కుర్రవాడు బండి సీటు కుట్టించుకుంటూ, ఇంజనీరింగ్ సగంలో మానేశానని చెప్పాడు. ఎందుకు చేరావంటే స్నేహితులు చేరారు కాబట్టి. ఎందుకు మానేశావంటే వాళ్లు మానేశారు కాబట్టి. చెప్పి, తనే కాసేపు ఆలోచనలో పడ్డాడు, ఇంతకుముందు ఎవరూ అడగలేదేమో.

అన్నిటికన్నా తల తిరిగిపోయే కారణం పుష్పావతవ్వ చెప్పింది. డెబ్బై దాటిన మనిషి. చిన్నప్పుడు తనకు చదువంటే ప్రాణమట. వానలు లేని ఏళ్లలో బడికి పోయిందట, చేలో పని లేదు కాబట్టి పోనిచ్చారు. ఏడో తరగతిలో ఉండగా చెరువు నిండింది. ఊరంతా పండగ చేసుకున్నారు. మరుసటి రోజే నాట్లకు మనుషులు కావాలని ఆమెను బడి మాన్పించారు. మళ్లీ పోలేదు.

"మా ఊర్లో అందురూ వాన కోసం మొక్కుకుంటాండ్రి. నేనొక్కదాన్నే రావద్దని మొక్కుకుంటాంటి. ఆ పాపం ఎవురికీ చెప్పల్యా సాబూ" అంది.

జమాల్ సాబ్ దబ్బనం పక్కన పెట్టి ఆమె వైపు చూశాడు. చెరువు నిండితే చదువు ఆగుతుందన్న లెక్క అతని జన్మలో వినలేదు. దూది అయితే ఏకేకొద్దీ విడిపోయి మెత్తబడుతుంది. ఇది ఏకేకొద్దీ ముడిపడుతోంది. జూన్ వచ్చేసరికి అతని దగ్గర దాదాపు అరవై ఇళ్ల కారణాలున్నాయి. సగం పొమ్మంటాయి, సగం వద్దంటాయి, కొన్ని రెండూ అంటాయి. ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు తిరుగులేని మాట చెబుతారు, అది పట్టుకుని ఇంటికి పోయి కూతురికి చెప్పేద్దామని అతని ఆశ. ఆ ఇల్లు రాలేదు.

షమా మాత్రం నాయన "ఊఁ"ను సరే కిందే జమ కట్టుకుంది. అనంతపురంలో ఆడపిల్లల కాలేజీ, అందులోనే హాస్టలు. ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్ నడిపే వీరేష్ దగ్గరికి పోయి డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేయించుకుంది. తనకు ఫోను లేదు కాబట్టి నాయన నంబరే ఇచ్చింది. ఒక రోజు వీరేష్ రోడ్డు మీద ఆటో ఆపి ఈ సంగతంతా చెప్పాడు. శనివారం లోపల ఏ కాలేజీ కావాలో ఆప్షన్లు పెట్టాలి, పాప వచ్చి కూర్చున్నప్పుడు నీ ఫోనుకు ఒక నంబరు వస్తుంది, నేను ఫోన్ చేస్తే అది చెప్పు, చాలు, శనివారం దాటితే సీటు పోయినట్టే అన్నాడు. అని, పనిలో పనిగా హాస్టల్ కాగితం కూడా చదివి వినిపించాడు. సీటు వస్తే పిల్లలు తెచ్చుకోవాల్సినవి: పరుపు, దిండు, బకెట్, పళ్లెం, గ్లాసు, తాళం.

"మళ్లీ చదువప్పా" అన్నాడు జమాల్ సాబ్.

వీరేష్ మళ్లీ చదివాడు. పరుపు, దిండు.

"సైజెంత?"

"అది రాయల్యాన్నా. ఆ మంచాలు రెండున్నర అడుగులుంటాయి."

ఈ కాలేజీ వ్యవహారం మొత్తంలో జమాల్ సాబ్‌కు అర్థమైన మొదటి మాట అది. అరవై ఇళ్లలో తేలనిది ఆ కాగితంలో తేలిపోయింది. కాలేజీ అంటే పరుపు కావాల్సిన చోటు. పరుపు చేయడం తనకు వచ్చు. రెండున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. ఇంకేం ఆలోచించాలి? మనిషి నిర్ణయం తీసుకున్నానని కూడా అనుకోలేదు, కొలత దొరికిందనుకున్నాడు. సంతోషంగా ఆటో ఎక్కాడు.

రెండు పనులు వాయిదా వేసుకుని బుధ, గురువారాలు దాని మీదే కూర్చున్నాడు. గింజ లేకుండా ఏరిన బూరుగు దూది తెచ్చాడు. గుడ్డ కోసం తన దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మంచిది తీశాడు. ఎర్ర నేల మీద తెల్ల పూలు, పెళ్లి పరుపులకు వాడేది. కుట్టు కుట్టుకు మధ్య అంగుళం తేడా రానివ్వలేదు. ఒక దిండు చేశాక, పిల్ల మంచం మీద కూర్చుని చదువుకునేటప్పుడు వీపు కింద ఆనుకోవడానికి ఇంకొకటి ఉంటే బాగుంటుందనిపించి రెండో దిండు కూడా చేశాడు. తన కూతురు గోడకు ఆనుకుని కూర్చుని పుస్తకం చదువుతున్నట్టు ఊహించుకుని ఒక్కడే నవ్వుకున్నాడు.

ఇక్కడే పెద్ద పొరపాటు జరిగిపోయింది. జమాల్ సాబ్ ఇంట్లో తాత కాలం నుంచి ఒక ఆనవాయితీ ఉంది. ఊరందరికీ పరుపులు చేసే ఇల్లయినా ఆ ఇంటి ఆడపిల్ల పరుపు మీద పడుకోదు, పాత గుడ్డల బొంత మీదే పడుకుంటుంది. ఆమెకు పరుపు చేసేది ఒక్కసారే, పెళ్లి ఖాయమయ్యాక. తండ్రి స్వయంగా చేయాలి. ఆ పరుపు ఇంట్లోకి వచ్చిందంటే మాట ఇచ్చేసినట్టే లెక్క. పెళ్లి తేదీ కూడా ఆ తర్వాతే చెబుతారు. మస్తాన్‌బీకి వాళ్ల నాయన అలాగే చేశాడు. దూది నింపడానికి జమాల్ సాబే చేయి సాయం పట్టాడు. ముప్పై ఏళ్ల కిందటి మాట. రోజూ పరుపులు తాకే చేతికి పరుపంటే పరుపే అయిపోయింది. ఆ మాట అతనికి తట్టనే లేదు. తట్టకపోవడం ఏం మాయరోగమో గానీ, దాని ఫలితం పిల్ల అనుభవించాల్సి వచ్చింది.

గురువారం మధ్యాహ్నం పరుపును మడిచి తాడుతో కట్టి, మీద రెండు దిండ్లు పెట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. షమా అటక కింద నిలబడి ఉంది.

"ఎవురిది నాయనా?"

"నీదే" అన్నాడు.

హాస్టలు అన్న ఒక్క మాట దాని వెనకాల వేసి ఉంటే ఈ కథే లేదు. అంత తెలిసిన విషయాన్ని మళ్లీ చెప్పడమెందుకనుకున్నాడు. షమా ఎర్ర గుడ్డను చూసింది, రెండు దిండ్లను చూసింది, తల దించుకుని లోపలికి పోయింది. సిగ్గుపడిందనుకున్నాడు. ఖాతూన్‌బీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. సంతోషపడిందనుకున్నాడు. పరుపూ దిండ్లూ అటక మీద పెట్టి, ఆ పూట రెండు సార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

శనివారం అతను గొర్రెలు మేపే కురవల ఇంట్లో పనికి పోయాడు. పొద్దుటి నుంచి ఫోను ఒళ్లోనే పెట్టుకున్నాడు. మైకు ఆపేశాడు. మిషను వేస్తే ఫోను వినపడదని దూదిని చేత్తోనే విడదీస్తూ కూర్చున్నాడు. ఇట్లయితే రేపటికి కూడా కాదని ఇంటావిడ సణిగింది. పదకొండయింది, ఒంటిగంటయింది, మూడయింది. ఒకసారి మోగితే ఎగిరిపడి తీశాడు. లోను కావాలా అని ఎవరో అడిగారు. అయిదు దాటాక, బహుశా నంబరు లేకుండానే పని అయిపోయిందేమో అనుకున్నాడు. ఈ కాలం పిల్లలు, వాళ్లకు ఎన్నో దారులు తెలుసు. ఫోన్ చేసి కనుక్కోవచ్చు. కానీ కనుక్కుంటే తనకేమీ తెలియదని వీరేష్‌కు తెలిసిపోతుంది. ఆ మొహమాటంతో ఫోను జేబులో వేసుకుని మిషను ఆన్ చేశాడు.

ఆ తర్వాత పదకొండు రోజులు ఇల్లు వింతగా ఉంది. షమా పుస్తకాలన్నీ కట్టగట్టి పక్కింటి పిల్లకు ఇచ్చేసింది. పొద్దున్నే లేచి తల్లి దగ్గర రొట్టెలు తట్టడం నేర్చుకుంటోంది. రొట్టె గుండ్రంగా రాకపోతే ఖాతూన్‌బీ, అక్కడ ఇట్లాంటివి పెడితే ఏమనుకుంటారు అని గదమాయిస్తోంది. హాస్టల్లో పిల్లలే రొట్టెలు చేసుకోవాలేమోనని జమాల్ సాబ్ అనుకున్నాడు. కూతురు ఇదివరకటిలా మాట్లాడటం లేదు. ఇల్లు వదిలిపోతోంది కదా, దిగులు ఉంటుంది అనుకున్నాడు. మనిషి తనకు తెలిసిన సమాధానం దగ్గర పెట్టుకుని చూస్తే ఎదురుగా ఉన్నది కూడా దానికి తగ్గట్టే కనపడుతుంది.

పన్నెండో రోజు పొద్దున ఉమాదేవి ఆటో ఆపి, అశ్వినికి సీటు వచ్చిందని, ఫోనుకు మెసేజ్ వచ్చిందని చెప్పి చేతిలో చక్కెర పెట్టింది. మీ షమాకు కూడా అక్కడే కదా అంది. జమాల్ సాబ్ తన ఫోను తీసి ముందుకూ వెనక్కూ చూశాడు. చక్కెర నోట్లో వేసుకుని నేరుగా వీరేష్ దగ్గరికి పోయాడు.

"మీ పాప ఆ పొద్దు రానే రాల్యాన్నా" అన్నాడు వీరేష్. "సాయంత్రం దాకా చూస్తి. పెండ్లి కుదిరిందంట కదా, అందుకే రాలేదేమో అనుకుంటి."

సోమవారం నుంచి రెండో విడత ఉందని ఇంకా ఏదేదో చెబుతూనే ఉన్నాడు. పెళ్లి మాట జమాల్ సాబ్ చెవికి ఎక్కలేదు. రానే రాలేదన్నది ఒక్కటే ఎక్కింది. కోపం వచ్చింది. ఇన్నిళ్లు తిరిగి, ఇంత అడిగి, చివరికి పరుపు కూడా చేసి పెడితే, ఈ పిల్ల పోనే పోలేదా? ఆటోను ఇంటి ముందు అడ్డంగా నిలిపి, చెప్పులు కూడా విడవకుండా వాకిట్లో నిలబడ్డాడు. షమా పెసలు చెరుగుతోంది. జన్మలో మొదటిసారి కూతురిని ఒక ప్రశ్న అడిగాడు.

"ఎందుకు పోలేదు?"

"యాడికి నాయనా?"

"వీరేష్ తావకి. కాలేజీ ఆప్షన్లు పెట్టనీకి."

షమా తల్లి వైపు చూసింది. ఖాతూన్‌బీ పొయ్యి దగ్గర నుంచి లేచి తలుపు దగ్గరికి వచ్చింది.

"పెండ్లి పెట్టుకోని ఇంక కాలేజీ ఏంది?" అంది.

"ఎవురి పెండ్లి?" అన్నాడు జమాల్ సాబ్.

 నీ కూతురిదే కదా, పుట్టపర్తి పిల్లోనితో మాటిచ్చి పరుపు చేసి తెచ్చినావు కదా అని ఖాతూన్‌బీ మెల్లగా అంది. అడిగితే చెప్పవు కాబట్టి తేదీ కూడా అడగలేదని, చుట్టాలకు ఏం చెప్పాలో తెలియక రెండు వారాల నుంచి తను చస్తున్నానని అంది. జమాల్ సాబ్ తల ఎత్తి అటక వైపు చూశాడు. ఎర్ర గుడ్డ, రెండు దిండ్లు. నాయన మస్తాన్‌బీ పరుపు కుట్టిన రోజు, తను నింపిన దూది, అమ్మ ఏడవడం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. గడప మీద కూర్చుండిపోయాడు.

"అది హాస్టల్‌కి" అన్నాడు. "కాగితంలో పరుపు తెచ్చుకోమని రాసినారు. అందుకని చేస్తి."

షమా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అది నవ్వో ఏడుపో ఆ పిల్లకే తెలియలేదు, తండ్రికేం తెలుస్తుంది? రెండు వారాలు కష్టపడి ఆ షఫీవుల్లాకు మనసు సర్దుకున్నానని, ఫోటో కూడా అత్తను అడిగి తెప్పించుకుని చూశానని, ఫర్వాలేదు బాగానే ఉన్నాడు అనుకునే దాకా వచ్చానని, ఇప్పుడు ఆ మనసును మళ్లీ వెనక్కి ఎట్లా తిప్పాలో తెలియడం లేదని చెప్పింది. పెళ్లి లేదంటే కొంచెం బాధగా ఉందని, బాధ ఎందుకో అర్థం కావడం లేదని కూడా చెప్పింది. జమాల్ సాబ్ బిత్తరపోయి విన్నాడు. సోమవారం నుంచి రెండో విడత ఉందని వీరేష్ చెప్పిన మాట గుర్తొచ్చి చెప్పాడు. ఆ కాలేజీలో కొన్ని సీట్లే మిగిలాయట, హాస్టల్ సంగతి తను చెప్పలేనని వీరేష్ అన్నాడు. షమా కళ్లు తుడుచుకుని చేట ముందుకు లాక్కుంది.

"నీకు కాలేజీకి ఎందుకు పోవాలనుండాది?" అని అడిగాడు.

అడిగి, ఆగలేక తనకు తెలిసిన కారణాలు ఒక్కొక్కటే బయటికి తీశాడు. ఉద్యోగానికా అన్నాడు. తల అడ్డంగా ఊపింది. పెండ్లి తప్పించుకోవడానికా? కాదు. అశ్విని పోతోందనా? కాదు. ఇంట్లో పని తప్పుతుందనా? ఆ మాటకు కోపంగా చూసింది.

"తెల్దు నాయనా. ఆడికి పోతే ఎవురో ఒకరు నన్ను పేరు పెట్టి లేపి, నువ్వేమనుకుంటాండావు, చెప్పు అని అడుగుతారు కదా అనుకుంటి. అంతే."

ముప్పై ఊళ్లలో, అరవై ఇళ్లలో, పరిచయం లేని టైర్ల షాపు కుర్రవాడి దాకా అందరినీ అడిగాడు. తన ఇంటి గడప అరవై ఒకటోదిగా కూడా లెక్కలోకి రాలేదని అప్పుడు తెలిసింది. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. తప్పయిపోయింది అనాలనుకున్నాడు. అలవాటు కొద్దీ "ఊఁ" వరకూ వచ్చి ఆగిపోయింది. దాన్ని మింగేసి, చెప్పులు విడిచి, గడప మీద సరిగ్గా సర్దుకుని కూర్చున్నాడు.

"సరే మా. నేనడుగుతాండా. నువ్వేమనుకుంటాండావు, చెప్పు."

షమా గాబరాపడింది. ఇంత తొందరగా అడిగితే ఎట్లా అంది. నిదానంగానే చెప్పు అన్నాడు. చేటలో పెసలు అటూ ఇటూ కదిలిస్తూ చాలాసేపు కూర్చుంది. అవతల రెండు దిండ్ల కోసం ఎవరో ఫోన్ చేస్తే, ఈ పొద్దు రానని చెప్పి పెట్టేశాడు. ఖాతూన్‌బీ పొయ్యి మీద అన్నం సంగతి మరిచిపోయి తలుపు దగ్గరే నిలబడింది.

"రెండో విడతలో పెడతా నాయనా" అంది చివరికి. "వస్తే పోతా. రాకుంటే ఏడుస్తా. ఇంతకన్నా నాకు తెల్దు."

వస్తే ఎందుకు పోతుందో జమాల్ సాబ్‌కు ఇప్పటికీ తెలియలేదు. రాకుంటే ఏడుస్తానన్నది మాత్రం పూర్తిగా అర్థమైంది. సోమవారం పొద్దున ఏడింటికి, వీరేష్ ఇంకా షట్టర్ ఎత్తకముందే, తండ్రీ కూతుళ్లిద్దరూ వచ్చి ఆ మెట్ల మీద కూర్చుని ఉన్నారు.